యువజనులకు ఊరి పత్రిక



కామారెడ్డి, ఎల్లారెడ్డి ప్రాంతముల యువజనులు చదువుటకు తగిన స్థానిక పత్రిక యెట్లుండవలెనను విషయమును గుఱించి నేడు మీతో ముచ్చటింప దలచితిని. ఇది పత్రికలవారు విచారించుకొనవలసిన సంగతి గదా, మాకు దీనితో నేమి పని యని మీలో కొందఱు అనుకొనవచ్చును. కాని పత్రిక యనునది అచ్చుయంత్రములోనుండి మాత్రమే పుట్టునది కాదు. దానిని చదువువారు కావలెను. దానికి వ్రాయువారు కావలెను. దానిలో తమ ప్రసక్తి వచ్చినప్పుడు ఓర్చుకొనువారును కావలెను. మొదటి రెండు తెగలలో మన పిల్లలుందురు. మూడవ తెగలో పెద్దలగు మీరుందురు. కావుననే ఈ విషయమును మీ యెదుట పెట్టుచున్నాను.

స్థానిక పత్రిక లేని ఊరికి కలుగు నష్టము వెంటనే కంటికి గానరాదు. దేశాంతరముల వార్తలు నేడు క్షణములో చేతిలోని ఫోనునకు వచ్చుచున్నవి. మన చెఱువు తూమునకు మంజూరైన సొమ్మెంత, వ్యయమైనదెంత, మన బడిలో ఉపాధ్యాయులెందఱు, మన యూరి బస్సు ఏల నిలిచిపోయినది అను వార్తలు మాత్రము రచ్చకట్టమీది పుకార్లుగానే మిగిలిపోవుచున్నవి. ప్రపంచమంతయు తెలిసిన యువకునకు తన యూరు తెలియకపోవుట ఈ కాలపు వింత. తన యూరు తెలియనివాడు దానిని బాగుచేయు పనికి పూనుకొనడు; వీలు దొరకగానే విడిచిపోవును.

ముందు మన సీమను ఒకసారి తలంచుకొందము. కామారెడ్డియు, ఎల్లారెడ్డియు చిరకాలము నిజామాబాదు జిల్లాలోనివి. 2016 అక్టోబరు 11వ తేదీని కామారెడ్డి ప్రత్యేక జిల్లా కాగా ఎల్లారెడ్డి అందొక రెవెన్యూ డివిజను అయ్యెను. 2011 జనాభా లెక్కలనుబట్టి ఈ జిల్లాలోని ప్రజలు సుమారు 9 లక్షల 70 వేలు. కామారెడ్డి రైలుమార్గముమీదను, నాగపురమునుండి హైదరాబాదునకు వచ్చు పెద్ద రహదారిమీదను ఉన్న వర్తకపట్టణము. బెల్లపు వ్యాపారమునకు పేరుగన్నది. ఎల్లారెడ్డి వైపు సేద్యమే ప్రధానము. 1922 నాటికి పోచారము జలాశయమును, 1931 నాటికి మంజీరానదిపై నిజాంసాగరమును పూర్తియై ఆ వైపు పొలముల రూపమునే మార్చివేసినవి. రెండు వైపులను బీడీలు చుట్టు స్త్రీలున్నారు. గల్ఫు దేశములకు పనికై పోయిన యువకులు లేని యూరు అరుదు. ఒకే పత్రిక ఈ రెండు సీమలకును పనికిరావలెనన్నచో, ఇది కామారెడ్డి బజారు పత్రికయు కారాదు, ఎల్లారెడ్డి కాలువల పత్రికయు కారాదు. ఈ రెంటిని ఒక త్రాట కట్టునది యువజనుల బ్రతుకుతెరువు.

ఇట్టి పత్రిక సాధ్యమా యని సందేహించువారికి మన తెలంగాణ చరిత్రయే సమాధానము చెప్పును. నిజాము రాజ్యమున సర్కారు వ్యవహారమంతయు ఉర్దూలో నడచుచుండెను. 1918లో ఏర్పడిన ఉస్మానియా విశ్వవిద్యాలయమున బోధనయు ఉర్దూలోనే. బడికి పోయిన తెలుగు బాలుడు ఉర్దూ చదువగలిగెను గాని ఇంట మాటలాడు తెలుగును అచ్చులో చదువు అలవాటు అతనికి తక్కువ. ఆ యలవాటును కలిగించుటకే 1901లో హైదరాబాదున శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయమును, 1904లో హనుమకొండయందు రాజరాజనరేంద్రాంధ్ర భాషానిలయమును వెలసినవి. చదువువాడు ముందుగా ఉన్నందున పత్రిక పుట్టుట లోకరీతి. తెలంగాణలో పత్రికయు, పుస్తకశాలయు కలిసి చదువువానిని పుట్టించుకొనవలసి వచ్చెను.

1913లో మహబూబునగరమునుండి ‘హితబోధిని’ అను పత్రిక వెలువడెను. 1922లో రెండు వారపత్రికలు పుట్టెను. ఒకటి నల్లగొండనుండి షబ్నవీసు వేంకటరామనరసింహారావుగారు నడపిన ‘నీలగిరి పత్రిక’. రెండవది ఓరుగల్లు సీమలోని ఇనుగుర్తి గ్రామమునుండి ఒద్దిరాజు సీతారామచంద్రరావు, రాఘవరంగారావు సోదరులు నడపిన ‘తెనుగు పత్రిక’. ఈ రెండవదానిని గుఱించి మీరు శ్రద్ధగా వినవలెను. ఇనుగుర్తి పట్టణము కాదు. మన గ్రామములవంటి గ్రామము. అట్టి యూర ఒద్దిరాజు సోదరులు అచ్చుయంత్రమును స్థాపించి, వ్రాయుట, దిద్దుట, అచ్చువేయుట అను పనులన్నియు తామే చూచుకొనుచు, తపాలా మూలమున పత్రికను పాఠకులకు పంపుచుండిరి.

ఆ కాలపు అచ్చుపని యెట్టిదో నేటి పిల్లలకు తెలియదు. సీసపు అక్షరములను ఒక్కొక్కటిగా ఏరి వరుసకు కూర్చవలెను. తెలుగున గుణింతములు, ఒత్తులు కలియుటచే అక్షరములపెట్టెలో కొన్ని వందల గూళ్లుండెను. ఒక పుట కూర్చుటకు గంటలు పట్టును. ఒక అక్షరము తలక్రిందులైన యెడల మరల విప్పవలెను. ఇంత శ్రమపడి ఒక పల్లెలోని అన్నదమ్ములు వారమువారము పత్రికను వెలువరించిరి. నేడు ఒక చిన్న కంప్యూటరుమీద ఒక్కడు ఒక దినములో ఎనిమిది పుటలు కూర్చవచ్చును. కావున యంత్రము లేదనుట, పట్టణము కాదనుట నేడు సాకులు మాత్రమే. ఇనుగుర్తి మనకు నేర్పిన మొదటి పాఠమిది.

అయినను ఆ రెండు పత్రికలును కొలది యేండ్లకే నిలిచిపోయెనని మఱువరాదు. ప్రతిభ లేక కాదు. చదువువారు చెదరియుండిరి, చందాలమీద ఆధారపడిన పత్రికకు డబ్బు నిలుకడగా వచ్చుట కష్టము, సర్కారు నీడ యొకటి యెల్లప్పుడు మీద నుండెను. ఒకరిద్దఱి త్యాగము పత్రికను ప్రారంభింపగలదు గాని నిలుపజాలదు. ఇది రెండవ పాఠము.

1926 మే 10వ తేదీని హైదరాబాదునుండి ‘గోలకొండ పత్రిక’ వెలువడెను. సంపాదకులు సురవరము ప్రతాపరెడ్డిగారు. ఆయన వయస్సు అప్పటికి ముప్పది యేండ్లు నిండలేదు. హైదరాబాదు కొత్వాలుగా నుండిన రాజా బహద్దరు వేంకటరామారెడ్డిగారి ప్రోత్సాహమున 1918లో రెడ్డి వసతిగృహము ఏర్పడెను. ప్రతాపరెడ్డిగారు కొంతకాలము దాని నిర్వహణభారమును వహించిరి. పల్లెలనుండి వచ్చి చదువుకొను విద్యార్థుల నడుమ ఆయన దినములు గడచెను. వారికేమి తెలియును, ఏమి తెలియదు, ఏ మాటకు వారి కన్నులు మెఱయును అను సంగతి ఆయనకు పరోక్షజ్ఞానము కాదు. యువ పాఠకుని కొఱకు పత్రికను నిర్మింపగోరువాడు యువకుల నడుమ నుండవలెనను మాటకు ఇంతకంటె నిదర్శన మక్కఱలేదు.

ప్రతాపరెడ్డిగారు చేసిన మఱియొక పని మన విషయమునకు మిక్కిలి దగ్గఱిది. నిజాము రాష్ట్రమున తెలుగు కవులే లేరని ఒకరు వ్రాయగా, ఆయన దానికి కోపపడి ఊరకుండలేదు; కేవలము ఖండనము వ్రాసి తృప్తిపడలేదు. ఊరూర నున్న కవులు తమ పద్యములను పంపవలెనని పత్రికాముఖమున కోరెను. వచ్చినవానిని కూర్చి 1934లో ‘గోలకొండ కవుల సంచిక’ను ప్రకటించెను. అందు 354 మంది కవులుండిరి. ఆ కవులలో పెక్కుమంది పల్లెలలో నుండువారే. లోకమునకు వారి పేరు తెలియదు. పత్రిక పాఠకుని చదువుమని మాత్రమే అడిగిన యెడల ఈ పని జరిగెడిది కాదు. నీవు వ్రాయుము, నీ పేరు మేము అచ్చువేయుదుము అని అడుగుటచేతనే జరిగెను. ఇది మూడవ పాఠము. నా అభిప్రాయమున అన్నిటికంటె పెద్ద పాఠము.

ఆ రోజులలో పత్రికయు, సభయు ఒకదానినొకటి పోషించుకొనెను. నిజాము రాష్ట్రాంధ్ర మహాసభ మొదటి సమావేశము 1930లో మనకు దక్షిణమున నున్న జోగిపేటలో ప్రతాపరెడ్డిగారి అధ్యక్షతను జరిగెను. ఆఱవది 1937లో మనకు ఉత్తరమున నున్న నిజామాబాదులో మందుముల నరసింగరావుగారి అధ్యక్షతను జరిగెను. ఆయనయు పత్రికాసంపాదకుడే, ‘రయ్యత్’ అను ఉర్దూ పత్రికను నడపినవాడు. సభ జరిగిన మూడు దినములు మాట వినవచ్చును. తరువాత దానిని ఇంటికి చేర్చునది పత్రిక. నేడు గ్రామసభలు జరుగుచున్నవి. వానిని ఇంటికి చేర్చు పత్రిక లేదు.

ఈ పనికి యువకులు మూల్యము చెల్లించిరనియు మనము జ్ఞప్తియందుంచుకొనవలెను. హైదరాబాదున ‘ఇమ్రోజ్’ అను ఉర్దూ దినపత్రికను నడపిన షోయబుల్లాఖాను, హైదరాబాదు భారతదేశమున చేరవలెనని నిర్భయముగా వ్రాసెను. 1948 ఆగస్టు నెలలో ఒక రాత్రి కార్యాలయమునుండి ఇంటికి పోవుచుండగా రజాకార్లు అతనిని చంపిరి. అప్పటికతనికి ఇరువదియెనిమిదేండ్లు నిండలేదు. యువకులకు పత్రిక అనగా సినిమా బొమ్మలు, వినోదములు చాలుననువారు ఇతని పేరును ఒకమారు తలంచుకొందురు గాక. యువకుడు బరువైన సంగతిని మోయజాలడనుట యథార్థము కాదు.

ఇక స్వాతంత్ర్యానంతరపు కథ. 1974 ఆగస్టు 10వ తేదీని విశాఖపట్టణమున ‘ఈనాడు’ ప్రారంభమయ్యెను. రాజధానినుండి గాక జిల్లాపట్టణములనుండి పత్రిక వెలువడుట, తెల్లవాఱుసరికి ఇంటికి చేరుట, వాడుకభాషకు దగ్గఱగా వ్రాయుట అను రీతులు దీనివలన బలపడెను. 1985లో మండలములు ఏర్పడెను. 1989లో ఈనాడు ఒక్కొక్క జిల్లాకు వేఱువేఱుగా చిన్న పరిమాణపు అనుబంధపత్రికను అచ్చువేయ నారంభించెను. తరువాత ఇతర పత్రికలును ఆ త్రోవ పట్టెను. ఊరూర విలేఖరులు ఏర్పడిరి. వారిలో ననేకులకు నెలజీతము లేదు. అచ్చయిన వార్త పొడవునుబట్టి ప్రతిఫలము వచ్చుచుండెను. మండలకేంద్రములో జరిగిన చిన్న సభ సైతము మఱునాడు అచ్చులో కనబడుటచేత గ్రామస్థులు పత్రికను ఎదురుచూచుట నేర్చుకొనిరి.

స్థానికమైన అచ్చుమాటకు ఎంత శక్తి కలదో నెల్లూరు జిల్లా స్త్రీలు చూపించిరి. అక్షరాస్యతా కార్యక్రమములో చదువు నేర్చుకొను స్త్రీలకిచ్చిన వాచకమున దూబగుంట గ్రామస్త్రీలు సారాయిని ఎదిరించిన కథను వ్రాసిరి. దానిని చదివిన ఇతర గ్రామములవారు, వారు చేయగలిగినది మేమేల చేయజాలమనిరి. 1992లో సారావ్యతిరేకోద్యమము రాష్ట్రమంతట వ్యాపించెను. జిల్లాపత్రికలు ఊరూరి వార్తను మఱియొక యూరికి చేర్చి దానికి బలమిచ్చెను. క్రొత్తగా చదువ నేర్చినవారు తమవంటివారి కథను చదివినప్పుడు కలుగు ఫలమిది.

అయితే జిల్లాపుటలలో లోపములును కలవు. మొదటిది: జిల్లాపుట జిల్లాలోనే నిలిచిపోవును. సరిహద్దు కవతలి పొరుగూరి కష్టము ఇవతలివారికి తెలియదు. రెండవది: ప్రకటనల ఆదాయముమీద నడచు పుటలో పదవులలో నున్నవారి ఛాయాచిత్రములకును, శుభాకాంక్షలకును ఎక్కువ చోటు దొరకును. మూడవది: యువకుడు అందు కనబడునది పరీక్షాఫలితములలోనో, ప్రమాదములలోనో మాత్రమే. ర్యాంకు వచ్చినప్పుడు వార్త, మోటారుసైకిలుమీదనుండి పడినప్పుడు వార్త. ఈ రెంటి నడుమనున్న అతని బ్రతుకంతయు పత్రికకు అక్కఱలేకపోయెను. అట్టి పత్రికను అతడు విడిచి ఫోను పట్టుకొనుట అతని తప్పని చెప్పుట న్యాయము కాదు.

ఈ చిక్కును విప్పుటకు ఇతరచోట్ల జరిగిన ప్రయత్నములను కొంచెము చూతము. లండనులో ఆర్థరు మీ అనునతడు 1919లో బాలురకొఱకు ఒక వార్తాపత్రికను స్థాపించెను. అది 1965 వఱకు నడచెను. బాలురకు కథలే గాక లోకవార్తలును చెప్పవచ్చునని అది నిరూపించెను. కాని అది పెద్దలు పిల్లలకొఱకు వ్రాసినది. మన దేశమున 2003లో ఢిల్లీలో ‘బాలక్‌నామా’ అను పత్రిక పుట్టెను. దానిని వీధులలో బ్రతుకుచు పనులు చేసికొను పిల్లలే నడపుదురు. వ్రాయ రానివారు వార్తను నోట చెప్పుదురు. వ్రాయ వచ్చినవారు దానిని వ్రాసికొందురు. ఉత్తరప్రదేశమున చిత్రకూటము జిల్లాలో 2002లో గ్రామస్త్రీలు ‘ఖబర్ లహరియా’ అను పత్రికను తమ బుందేలీ భాషలో ప్రారంభించిరి. తరువాత కాగితమును విడిచి ఫోనులకు దృశ్యవార్తలను పంపుచున్నారు. మన తెలుగువారిలోనే చిత్తూరు జిల్లాయందు పొదుపుసంఘముల స్త్రీలు 2001లో ‘నవోదయం’ అను పత్రికను పెట్టి తామే వార్తలు సేకరించి వ్రాసిరి. ఎవరి బ్రతుకు వార్తయో వారే వ్రాసికొనుట యను సూత్రము వీనియన్నిటియందును కనబడుచున్నది. ప్రతాపరెడ్డిగారు కవులను అడిగినదియు అదియే గదా.

మన సీమలోని ఇటీవలి రెండు సంగతులను తీసికొని ఈ సూత్రమును పరీక్షింతము. 2023 జనవరిలో కామారెడ్డి పురపాలక సంఘపు ముసాయిదా మాస్టర్ ప్లానుమీద రైతులు గొప్ప ఆందోళన చేసిరి. తమ పొలములు పారిశ్రామికాది ప్రాంతములలో చేర్పబడినవని వారి బాధ. ఆ నెలలోనే పురపాలక సంఘము ముసాయిదాను ఉపసంహరించుకొన తీర్మానించెను. ఇట్టి ముసాయిదా వెలువడినప్పుడు అభ్యంతరములు తెలుపుటకు గడువుండును. ఆ గడువులో ఏ గ్రామపు ఏ సర్వే నంబరు ఏ రంగున నున్నదో సులభమైన పటముతో, తెలుగున ఇంటింటికి చేర్చునది ఏది? అది స్థానికపత్రిక పని. పటము చదువగల చదువు నేడు మన పిల్లలకు కలదు. పొలముల గట్లు తెలిసిన జ్ఞానము మీకు కలదు. రెండును ఒక పుటమీద కలియవలసియున్నది.

రెండవ సంగతి 2025 ఆగస్టు నెలాఖరున కురిసిన కుంభవృష్టి. రహదారులు తెగెను, రైలుమార్గము దెబ్బతినెను, కాలనీలు మునిగెను. అట్టి దినములలో ఫోను మేలు చేయును, కీడును చేయును. తెగని చెఱువు తెగినదని ఒకడు చెప్పిన క్షణములో వేయిమంది దానిని మోయుదురు. నిజము నిర్ధారించి, గంట వేసి, పేరు పెట్టి చెప్పు అలవాటు గల నలుగురు యువకులు ఒక మండలమున ఉన్న యెడల ఊరికి ఎంత ధైర్యము! ఆ యలవాటు ఆపద వచ్చిన దినమున పుట్టదు. సాధారణ దినములలో పత్రిక నడపుటచేత అలవడును.

ఇక పత్రిక రూపమును గుఱించి చెప్పెదను. మొదట అక్షరము. ప్రభుత్వ పాఠశాలలలో 2022–23 విద్యాసంవత్సరమునుండి ఆంగ్లమాధ్యమము ప్రవేశపెట్టబడెను. ప్రైవేటు బడులలో అది పూర్వమునుండియే కలదు. 2018 నాటి చట్టముచే తెలుగు ఒక విషయముగా నేర్పుట తప్పనిసరి యయ్యెను. అయినను నేటి యువకుడు అనేకచోట్ల తెలుగును చక్కగా మాటలాడును గాని అచ్చులో మెల్లగా చదువును. నూఱేండ్లక్రిందట ఉర్దూ బడికి పోయిన తెలుగు బాలుని స్థితియే మరల వచ్చినది. అతనిని నిందించుటవలన లాభములేదు. అక్షరము కొంత పెద్దదిగా, వాక్యము పొట్టిగా, పంక్తుల నడుమ ఎడము కొంచెము ఎక్కువగా నుండవలెను. భాష మన సీమలో మాటలాడు భాషకు దగ్గఱగా నుండవలెను. చిన్న అక్షరములతో పుట నింపుట పొదుపువలె కనబడును గాని చదువబడని పుటకంటె దుబారా వేఱొకటి లేదు.

తరువాత పరిమాణము. పెద్ద దినపత్రిక కాగితమును ఒకసారి మడచిన నాలుగు పుటలగును; మఱియొకసారి మడచిన చిన్నవి ఎనిమిది పుటలగును. ఎనిమిది చిన్న పుటల పత్రిక బస్సులో కూర్చుండి చదువుటకు, జేబులో మడచి పెట్టుకొనుటకు అనుకూలము. దినపత్రిక మన శక్తికి మించినది, పక్షమునకొకసారి చాలును. 2018 పంచాయతీరాజ్ చట్టముప్రకారము గ్రామసభ కనీసము రెండు నెలల కొకసారి జరుగవలెను. పక్షపత్రికకు నాలుగు సంచికలలో ఒక గ్రామసభ వార్త తప్పక రావలెనన్నమాట. రాని యెడల ఏల రాలేదో అదియే వార్త.

పుటల పంపకము ఇట్లుండవచ్చును. మొదటి పుటయందు సీమ కంతటికి సంబంధించిన ఒకే ప్రశ్న. దానికి దొరికినంత సమాధానము. రెండవ పుట కామారెడ్డి వైపు గ్రామములకు, మూడవ పుట ఎల్లారెడ్డి వైపు గ్రామములకు. ఇవి ఎదురెదురుగా నుండుటచే ఒకరి సంగతి యొకరి కంటబడును. నాల్గవ పుటయందు చదువులు, పరీక్షలు, ఉద్యోగములు. ముఖ్యముగా గల్ఫు ప్రయాణము. విదేశములకు పనివారిని పంపు ఏజెంటు 1983 నాటి వలసచట్టముప్రకారము ప్రభుత్వమున నమోదై యుండవలెనను ఒక్క వాక్యము సకాలమున చదివిన కుటుంబము అప్పులపాలు గాకుండవచ్చును. ఐదవ పుటయందు సేద్యము, అంగడి ధరలు. ఆఱవ పుటయందు ఊరి చరిత్ర. ఏడవ పుటయందు ఆటలు, పాటలు, కవిత్వము. ఎనిమిదవ పుటయందు ఉత్తరములు, తప్పొప్పులు, పత్రిక జమాఖర్చు.

ఆఱవ పుటయందు మీ యవసరము కలదు. నిజాంసాగరము క్రింద మునిగిన ఊళ్లవారు ఎచ్చట స్థిరపడిరి, దోమకొండ గడీ నాటి వ్యవహారములెట్టివి, మొదటి బస్సు ఏ యూరికి ఎప్పుడు వచ్చెను అను సంగతులు మీ జ్ఞప్తియందును, మీ పెద్దల నోట విన్న మాటలయందును ఉన్నవి. ఒక యువకుడు లేక యువతి మీ వద్దకు వచ్చి, మీరు చెప్పినది వ్రాసికొని, కాగితములతో సరిచూచి అచ్చువేసిన యెడల, ఆ సంగతి మీతో పోక నిలుచును. ఆడపిల్లలు వ్రాయుటకు వచ్చినప్పుడు ఇది వారికేల యనకుడు. బీడీలు చుట్టు తల్లుల కష్టము వారికంటె బాగుగా వ్రాయగలవారు లేరు.

పత్రికను ఫోనునందు కూడ ఉంచవలెనా యని అడుగుదురు. తప్పక ఉంచవలెను, దుబాయిలో నున్న కొడుకు దానిని అక్కడనే చదువును. కాని అచ్చుప్రతిని మానరాదు. ఫోనులో వ్రాసినదానిని మఱునాడు మార్చవచ్చును, చెఱిపివేయవచ్చును. అచ్చుపడినది పుస్తకశాలలో నిలుచును. వ్రాసినవాడు దానికి బద్ధుడగును. చట్టప్రకారము పత్రికను నమోదు చేయించుటయు అవసరము. 1867 నాటి పాతచట్టమునకు బదులు 2023లో చేసిన క్రొత్తచట్టము 2024 మార్చి 1వ తేదీనుండి అమలులోనికి వచ్చినది. నమోదుపని ఇప్పుడు కంప్యూటరుమీదనే జరుగుచున్నది. 2005 నాటి సమాచారహక్కు చట్టము ప్రశ్న అడుగుటకు దారి చూపుచున్నది. దరఖాస్తు వ్రాయుట నేర్చిన యువకుడు పుకారుమీద ఆధారపడనక్కఱలేదు.

డబ్బు సంగతి దాచరాదు. ఒకే దాతమీద ఆధారపడిన పత్రిక ఆ దాత మాటయే పలుకును. ఒకే పార్టీ ప్రకటనలమీద బ్రతుకునది ఆ పార్టీ ఛాయాచిత్రములనే అచ్చువేయును. కావున చిన్న చందాలు పెక్కు రావలెను. ఏ యొక్కరి సొమ్మును ఆదాయములో పెద్దపాలు కారాదు. జమాఖర్చు ఎనిమిదవ పుటయందు అందఱకు కనబడవలెను. ఊరి లెక్కలు అడుగు పత్రిక తన లెక్కలను ముందు చూపవలెను గదా.

పెద్దలారా, చివరకు ఒక్క మనవి. ఇంతవఱకు చెప్పిన అక్షరములు, పుటలు, చందాలు అన్నియు కుదురవచ్చును. అయినను ఒక దినమున ఆ పత్రికయందు మీ యూరి పంచాయతీ లెక్కను గుఱించియో, మీ బంధువు చేసిన కాంట్రాక్టు పనిని గుఱించియో ఒక ప్రశ్న అచ్చుపడును. వ్రాసినది మీ మనుమడో, మీ పొరుగింటి పిల్లయో అయియుండును. ఆ దినమున మీరు ఆ పిల్లను పిలిచి గద్దించిన యెడల పత్రిక చచ్చును, ఎవరును మూయించనక్కఱలేదు. మీరు కాగితము తీసికొని, ఇందులో ఈ అంకె తప్పు, సరియైనది ఇది, మిగిలినది నిజమే యని సమాధానము వ్రాసి పంపిన యెడల పత్రిక బ్రతుకును, ఊరును బాగుపడును. ఒద్దిరాజు సోదరులకు పరప్రభుత్వపు అనుమానము అడ్డువచ్చెను. మన పిల్లలకు అడ్డు వచ్చునో తోడు వచ్చునో మీ చేతిలో నున్నది. వచ్చు గ్రామసభలో వ్రాయగోరు ఇద్దఱు యువజనులకు ముందువరుసలో చోటిచ్చి, మీరు వ్రాసికొనుడు, మేము చెప్పెదమని మీ నోట పలికిన యెడల పని సగము జరిగినట్లే.